సంతకం పెట్టే బలం

(రాజమహేంద్రవరంలో చేసిన కందుకూరి వీరేశలింగం స్మారకోపన్యాసం పాఠం)



వీరేశలింగం పంతులుగారికి కండబలం లేదు. ఆరు నెలల పసివాడుగా ఉన్నప్పుడే మశూచి సోకింది. నాలుగేళ్లకే తండ్రి పోయాడు. ఆ తరవాత ఆ ఒంటిని అనారోగ్యం పూర్తిగా వదిలింది లేదు. అటువంటి మనిషి 1881 డిసెంబరు 11 రాత్రి ఈ ఊళ్లో తన ఇంట వితంతు వివాహం జరిపించాడు. ఊరు దాదాపుగా అంతా ఎదురు తిరిగింది. వెలివేతలు వచ్చాయి. ఆయన దగ్గర చదువుకున్న కుర్రాళ్లు కాపలా కాశారు. కాకినాడ నుంచి పైడా రామకృష్ణయ్యగారు డబ్బుతో నిలబడ్డారు. నాలుగు రోజులు తిరక్కుండా రెండో పెళ్లి కూడా జరిగింది.

ఆ రోజుల్లో వంటవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు ఆ గడప తొక్కడం మానేస్తే ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారు తానే గోదావరికి వెళ్లి బిందె ఎత్తుకుని వచ్చి అందరికీ వండి వడ్డించారు. గోదావరి మెట్లు ఎక్కినవాళ్లకు తెలుస్తుంది, నిండు బిందె బరువెంతో. దారి పొడుగునా తనను చూసి మొహం తిప్పుకునే ఇరుగుపొరుగు. ఈ రెండు బరువుల్లో ఏది ఎక్కువని నేను చాలాసార్లు ఆలోచించాను.

ఈ దంపతులను మనం 'సంఘసంస్కర్తలు' అంటాం. వీరులు అనం. వీరుడు అన్న మాట వినగానే మన కళ్ల ముందు మీసం, తొడ, కత్తి, గద కదులుతాయి. ఈ తేడా మన భాషలోనే పాతుకుపోయింది. బలం ఒక గట్టు, సంస్కారం ఇంకో గట్టు, మధ్యలో నది అన్నట్టు మాట్లాడుకుంటాం. నాకు ఈ విభజన మీద నమ్మకం లేదు. ఎందుకు లేదో ఈ గోదావరి జిల్లాల ఉదాహరణలతోనే చెబుతాను. నా చిన్నప్పుడు మా శివారు ఊళ్లో ఒక వస్తాదు ఉండేవాడు. ఆయన సంగతి చివర చెబుతాను. నా ఆలోచనకు మొదలు ఆయనే.

తెలుగు కావ్యం పుట్టింది ఈ ఊళ్లో. పదకొండో శతాబ్దంలో రాజరాజ నరేంద్రుడు అడిగితే నన్నయ భారతం మొదలుపెట్టి ఆది, సభా పర్వాలు పూర్తిచేసి అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయాడు. ఆగిపోయేలోపల ఆయన చేతిమీదుగా తెలుగులోకి వచ్చిన ఘట్టాల్లో ద్వైతవనంలో జరిగిన వాదం ఒకటి. ద్రౌపది, భీముడు ఒకవైపు, ధర్మరాజు ఒకవైపు. ఇంత అవమానం జరిగాక ఓర్పు ఎవరికోసం, ఎన్నాళ్లు అని ద్రౌపది నిలదీస్తుంది. బాహుబలం ఉంది, గద ఉంది, ఇంకా ఎందుకు కూర్చున్నాం అంటాడు భీముడు. మాట ఇచ్చాం, గడువు తీరాలి అంటాడు ధర్మరాజు. మన సాహిత్యం నడక నేర్చిన రోజుల్లోనే ఈ తగువు మన ఇంట్లోకి వచ్చి కూర్చుంది. పల్లెల్లో ఈ కథ విన్నవాళ్లు ఎక్కువమంది భీముడి పక్షమే. నేను కూడా చిన్నప్పుడు భీముడి పక్షమే.

పెద్దయ్యాక విరాటపర్వం మీద మనసు ఆగింది. అంతటి భీముడు ఏడాదిపాటు వలలుడనే పేరుతో గరిటె పట్టాడు. కీచకుడు నిండు సభలో ద్రౌపదిని తన్నినప్పుడు పక్కనున్న చెట్టు వైపు చూశాడు, పెళ్లగించి కొడదామని. కంకుభట్టు వేషంలో ఉన్న ధర్మరాజు, వంటచెరుకు కావాలంటే బయట వెతుక్కోమన్న అర్థంతో మర్మంగా ఆపాడు. ఆ ఒక్క క్షణం ఆగడానికి భీముడికి ఎంత బలం కావలసివచ్చిందో! 1963లో వచ్చిన 'నర్తనశాల'లో ఆ వేషానికి దండమూడి రాజగోపాల్‌ను తీసుకున్నారు. నిజంగానే బరువులెత్తే క్రీడాకారుడాయన, 1951 ఆసియా క్రీడల్లో పతకం తెచ్చినవాడు. అటువంటి శరీరం వంటవాడి బట్టల్లో తల వంచుకుని నిలబడి ఉంటే, చూస్తున్న మనకు గుండె బరువెక్కుతుంది. బలం లేనివాడు ఆగితే మనకేమీ అనిపించదు.

అయితే ఇక్కడే ద్రౌపది పక్షాన ఒక మాట చెప్పాలి. కౌరవసభలో ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పకుండా కూర్చున్నవాళ్లు మోటువాళ్లు కాదు. భీష్ముడు, ద్రోణుడు, కృపుడు. సభామర్యాద తెలిసినవాళ్లు. మర్యాద నోరు మూయించిన సందర్భం అది. దాన్ని నాగరికత అని నేను అనలేను.

గోదావరి వాళ్ల మర్యాదకు రాష్ట్రమంతా పేరు. మాటమాటకీ 'అండి' అంటాం, 'ఆయ్' అంటాం. ఆకలితో వచ్చినవాణ్ణి పొమ్మనం. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు వేళాపాళా లేకుండా వచ్చినవాళ్లందరికీ అన్నం పెట్టారు. 1909లో ఆమె పోయేనాటికి ఆ పేరు సముద్రాలు దాటింది. ఈ రోజు వైనతేయ పాయ మీద గన్నవరం అక్విడక్టుకు ఆమె పేరుంది. బడిపిల్లల మధ్యాహ్న భోజనానికీ ఆమె పేరు పెట్టుకున్నాం. ఇది మన గొప్ప. కానీ మన 'అండి' అందరికీ దక్కిందా? చేనుగట్టు మీద నిలబడ్డ రైతుకు 'అండి', చేలో వంగి నాట్లు వేసే కూలీకి 'ఒరే', 'ఒసే'. ఒకే వయసు, ఒకే ఊరు, ఒకే కాలవ నీళ్లు. నేను పెరిగిన ఇంట్లో కూడా ఇలాగే పిలిచేవారు, నేనూ పిలిచాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గు. చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు 1909లో ఈ ఊళ్లో దళిత పిల్లలకోసం బడి పెట్టింది ఆ సిగ్గు తెలిసే. మర్యాద కొందరికే దక్కితే, దక్కనివాళ్లు పౌరుషం వైపు చూడటంలో తప్పు లేదు. ద్రౌపది కోపం లాంటిదే అది.

మరి ఏ బలం మంచిది, ఏ బలం చెడ్డది అని తేల్చుకునేది ఎలా? నాకు ఒక గుర్తు దొరికింది. దొరికింది అల్లూరి సీతారామరాజు దగ్గర.

ఆయన పూర్వీకుల ఊరు భీమవరం దగ్గర మోగల్లు. తండ్రి పోయింది ఈ రాజమండ్రిలోనే. కుర్రతనంలో ఈ జిల్లాల బళ్లలోనూ తిరిగాడు. 1882 అటవీ చట్టం తరవాత పోడు కొట్టుకుని బతికే మన్యం మనుషుల మీద ఆంక్షలు బిగిశాయి. రోడ్డుపనుల్లో వెట్టి, కింది అధికారుల దాష్టీకం తోడయ్యాయి. రామరాజు మొదట చేసిన పని తిరుగుబాటు కాదు. తాగుడు మానమన్నాడు, తగువులు కోర్టులకు వెళ్లకుండా పంచాయతీల్లో తీర్చుకోమన్నాడు. ఆ తరవాతే 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరసగా దాడులు. మూడు స్టేషన్లలో కలిపి 26 తుపాకులు, రెండున్నర వేల తూటాలు పట్టుకెళ్లారు. పట్టుకెళ్లేముందు ఏమేం తీసుకున్నదీ స్టేషన్ పుస్తకంలో రాసి సంతకం పెట్టాడు. ఆ తరవాత మిరపకాయ కట్టి పంపే లేఖలతో ముందుగా కబురుపెట్టి మరీ దాడికి వచ్చేవాడు. దామనపల్లి కనుమలో సెప్టెంబరులో మాటు వేసినప్పుడు ముందు నడిచిన భారతీయ సిపాయిలను పోనిచ్చి, వెనక వచ్చిన తెల్లదొరల మీదే కాల్పులు జరిపించాడు. 1924 మే 7న కొయ్యూరు దగ్గర కాల్చి చంపారు. ఇరవయ్యేడేళ్లు కూడా నిండలేదు.

2022 జులై 4న భీమవరంలో ఆయనకు 30 అడుగుల కంచు విగ్రహం పెట్టారు. నేను వెళ్లి చూశాను. చేతిలో విల్లు, భుజాన అంబులపొది, నిప్పులు కురిసే కళ్లు. పిల్లలు దాని ముందు నిలబడి విల్లు ఎక్కుపెట్టినట్టు ఫొటోలు దిగుతున్నారు. సంతోషం కలిగింది. కానీ ఆ సంతకం ఏ విగ్రహంలోనూ చెక్కలేరు. అదే ఏడాది వచ్చిన 'ఆర్ఆర్ఆర్' సినిమాలో ఆయన పేరున్న పాత్ర మంటల్లోంచి, నీళ్లలోంచి లేచి వస్తుంది. ప్రపంచమంతా చప్పట్లు కొట్టింది. అందులో సంతకం లేదు. దాన్ని తప్పుపట్టను. సినిమా కల్పన, కల్పన అనే చెప్పుకుంది. మన పిల్లలకు ఆ సంతకం సంగతి ఎవరు చెబుతారన్నదే నా బెంగ. ఇది నేనే చేశాను, ఇందుకు నేను జవాబుదారీ అని తుపాకి తీసుకున్న చేత్తోనే కలం పట్టి రాయడం. శత్రువుకు కూడా లెక్క చెప్పడం. వీరత్వం, సభ్యత అక్కడ ఒకే చేతిలో ఉన్నాయి.

ఈ గుర్తు పట్టుకుని మన జనరంజక కళలను చూస్తే కొత్తవి కనిపిస్తాయి. చిలకమర్తివారి 'గయోపాఖ్యానం' లక్షల చేతుల్లోకి వెళ్లింది. టంగుటూరి ప్రకాశం కుర్రతనంలో ఆ నాటకంలో వేషం కట్టారు. అందులో కృష్ణార్జునులు ఎందుకు తలపడ్డారు? గయుడికి అర్జునుడు అభయమిచ్చాడు కాబట్టి. అవతలివాడు సాక్షాత్తూ తన బావ అని తెలిశాక కూడా మాట వెనక్కి తీసుకోలేదు. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు మన ఊళ్లలో తెల్లవార్లూ ఆడాయి. ఆ కవుల్లో ఒకరి ఊరు భీమవరం దగ్గర యండగండి, ఇంకొకరిది కడియం. వన్స్‌మోర్‌లు ఎక్కడ పడేవి? యుద్ధం దగ్గర కాదు, రాయబారం దగ్గర. అక్షరం రాని మనుషులు ఆ పద్యాలు నోటికి పాడేవారు. సంధి కోసం వచ్చినవాడు నిండుసభలో నిలబడి, జరగబోయేది ముందే చెప్పే మాటలవి. మన ముత్తాతలకు ఒళ్లు పులకరించింది ఆ మాటకు.

సినిమాల్లోకి వస్తే, ధవళేశ్వరంలో పుట్టిన ముళ్లపూడి వెంకటరమణ, నరసాపురంలో పుట్టిన బాపు కలిసి 1967లో 'సాక్షి' తీశారు. గోదావరి ఒడ్డున పులిదిండి గ్రామంలో షూటింగు. నాయకుడు బల్లకట్టు నడిపే కిష్టయ్య. పిరికివాడు, అమాయకుడు. కళ్లెదుట ఒక రౌడీ హత్య చేస్తే కోర్టుకెళ్లి చూసింది చూసినట్టు చెప్పాడు. వాడు పగ తీర్చుకోవడానికి ఊరికి వస్తున్నాడని తెలిశాక ఊరి తలుపులన్నీ మూతపడ్డాయి. సాక్ష్యమంటే ఏమిటి? సంతకమే కదా. ఆ వేషం వేసిన కృష్ణగారే ఏడేళ్ల తరవాత 1974లో అల్లూరి సీతారామరాజు అయ్యారు. ఒకే మనిషి, రెండు వేషాలు. మన జనం రెండోదాన్ని నెత్తిన పెట్టుకున్నారు. మొదటిది పుస్తకాలు చదివేవాళ్లకే గుర్తుంది. రెండూ ఒకే కథ అని నాకనిపిస్తుంది.

ఇరవయ్యో శతాబ్దం చివర 'సమరసింహారెడ్డి', ఆ వెనక 'నరసింహనాయుడు', 'ఇంద్ర' వచ్చాయి. రాయలసీమ ఫ్యాక్షన్ అంటే ఏమిటో కంటితో చూడని మన డెల్టా కుర్రాళ్లు వాటిని పదేసి సార్లు చూశారు. తొడకొట్టడం పెళ్లి ఊరేగింపుల్లోకి, కాలేజీ ఎన్నికల్లోకి, చివరికి రాజకీయ సభల్లోకి వచ్చింది. ఆ సినిమాల్లో కోర్టు, పోలీసు స్టేషను ఉండేది నాయకుడి ముందు చిన్నబోవడానికి. ఎవరూ సాక్ష్యం చెప్పరు, ఎవరికీ రసీదు ఇవ్వరు. రాయలసీమ మనుషులు, మమ్మల్ని ఇలా చూపించారేమని నొచ్చుకున్నారు. ఆ నొప్పిని మనం పట్టించుకోలేదు. అది మన తప్పు.

రాజకీయాల విషయంలో మాత్రం గోదావరి ఓటరు మీద నాకు గౌరవం. తెరమీది వీరుణ్ణి ప్రేమించడం ఒకటి, ఓటు వేయడం ఒకటి అని వాళ్లు పలుమార్లు చూపించారు. 1989లో కృష్ణగారిని ఏలూరు నుంచి పార్లమెంటుకు పంపారు, 1991లో పంపలేదు. మొగల్తూరు బిడ్డ చిరంజీవిగారు 2009లో ఇంటిపక్కనున్న పాలకొల్లులో ఓడిపోయారు. పవన్ కల్యాణ్‌గారు 2019లో భీమవరంలో ఓడి, 2024లో పిఠాపురంలో 70 వేలకు పైగా మెజారిటీతో గెలిచారు. ఎవరు గెలవాలో, ఓడాలో చెప్పడం నా పని కాదు. కటౌట్‌కు పాలు పోసిన చెయ్యే పోలింగు బూత్‌లో వేరే లెక్క వేసుకుంది. ఓటుకు సంతకం ఉండదు, వేలిమీద సిరా చుక్క ఉంటుంది. ఆ చుక్కకు ఈ నేల మనుషులు ఇచ్చిన విలువ ఇది.

ఎన్టీ రామారావుగారి సంగతి చెప్పకుండా ఈ విషయం పూర్తికాదు. రాముడు, కృష్ణుడు, భీముడు, దుర్యోధనుడు అన్నీ ఆయనే అయినవాడు 1982 మార్చి 29న పార్టీ పెట్టి, ఏడాది తిరక్కుండా ముఖ్యమంత్రి అయ్యారు. నా మనసులో నిలిచింది ఆయన ప్రచారానికి తిరిగిన చైతన్యరథం కాదు. 1984 ఆగస్టు. గుండెకు శస్త్రచికిత్స చేయించుకుని వచ్చిన మనిషిని పదవి నుంచి దింపేశారు. ఆయన చక్రాల కుర్చీలో కూర్చుని, తనవైపున్న శాసనసభ్యులను వెంటబెట్టుకుని రాష్ట్రపతి దాకా వెళ్లి, లెక్కపెట్టుకోండి అన్నారు. సెప్టెంబరు 16న తిరిగి ప్రమాణం చేశారు. గద పట్టిన వేషాలన్నిటికన్నా ఆ కుర్చీలో కూర్చున్న ఎన్టీఆరే నా కంటికి పెద్దగా కనిపిస్తారు.

ఇక చెప్పడానికి కష్టమైన సంగతి. 2022 మే 24. అమలాపురం. జిల్లాకు అంబేడ్కర్ పేరు చేర్చడాన్ని వ్యతిరేకిస్తూ మొదలైన నిరసనలో మంత్రి ఇల్లు, ఒక ఎమ్మెల్యే ఇల్లు తగలబడ్డాయి. పోలీసులకు దెబ్బలు తగిలాయి. రోజుల తరబడి ఇంటర్నెట్టు ఆపేశారు. కొబ్బరిచెట్ల నీడన, అన్నం పెట్టిన సీతమ్మగారి సీమలో! రాళ్లు విసిరిన కుర్రాళ్లలో ఎంతోమంది, ఇది మా పౌరుషం అనుకునే ఉంటారు. కానీ నేను అడిగేది ఒక్కటే. ఆ పెట్రోలు సీసాల మీద సంతకమేది? అల్లూరి దాడిచేసిన స్టేషన్లో పేరు రాసిపెట్టాడు. ఈ మంట ముందు ఎవరూ పేరు చెప్పలేదు. రాజ్యాంగాన్ని రాసినవాడి పేరు మీద వచ్చిన కోపం అది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అదే గోదావరి జిల్లాలో, 1923 డిసెంబరులో, కాకినాడ కాంగ్రెసు మహాసభలప్పుడు ఖద్దరు ప్రదర్శన గుమ్మం దగ్గర ఒక పద్నాలుగేళ్ల పిల్ల నిలబడింది. టికెట్టు లేకుండా ఎవర్నీ పంపవద్దని ఆమెకు చెప్పారు. జవహర్లాల్ నెహ్రూ వచ్చారు, చేతిలో టికెట్టు లేదు. ఆపింది. పెద్దలు కంగారుపడ్డారు. టికెట్టు కొని ఇచ్చాకే లోపలికి వదిలింది. ఈ రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి ఆమె. తరవాత రాజ్యాంగసభలో కూర్చుంది. ఆ గుమ్మం దగ్గర ఆమెకున్న ఆయుధం, అందరికీ ఒకటే టికెట్టు అన్న నమ్మకం. మన కాలేజీల్లో పౌరశాస్త్రం పాఠం ఆ కథతో మొదలుపెట్టాలని నేను చాలాకాలంగా అంటున్నాను.

మా వస్తాదు సంగతి చెబుతానన్నాను. ధవళేశ్వరం ఆనకట్ట కట్టి నూరేళ్లు దాటినా కాలవ చివరి ఊళ్లకు దాళ్వా పంటకు నీళ్లు రావడం ఎప్పుడూ తగువే. ఎగువవాళ్లు నిండుగా తోడుకుంటారు, శివారు భూములు నెర్రెలిస్తాయి. అందుకే వంతులు. ఫలానా తూముకు ఇన్ని రోజులు, ఫలానా బోదెకు ఇన్ని గంటలు. రాత్రిళ్లు ఎగువవాళ్లు దొంగచాటుగా మా వంతు నీళ్లు మళ్లించేవారు. ఏటా తలలు పగిలేవి.

మా వస్తాదు ఒక దళిత కూలీ. సెంటు భూమి లేదు. ఆయనకు 'అండి' అన్నవాళ్లు ఊళ్లో లేరు. ధాన్యం బస్తాను ఒంటిచేత్తో లారీ మీదకు విసిరేవాడు. మా పెద్దలు ఆయన్ని తూము కాపలాకు పెట్టుకున్నారు, ఎగువవాళ్లను కొట్టడానికి. ఒక రాత్రి నాన్నతో నేనూ వెళ్లాను. హరికేన్ లాంతరు, దోమలు, కప్పల అరుపులు. అర్ధరాత్రి దాటాక మా ఊరి రైతే ఒకడు, అందులోనూ మాకు దగ్గర చుట్టం, చీకట్లో వచ్చి పై ఊరివాళ్ల వంతు ఇంకా అయిపోకుండానే తూము తలుపు ఎత్తబోయాడు. వస్తాదు లేచి ఆ తలుపు మీద కూర్చున్నాడు. కర్ర ఎత్తలేదు.

"వాళ్ల వంతు తెల్లారేదాకా ఉందండి" అన్నాడు.

చుట్టం తిట్టాడు. కూలి ఇచ్చేది మేము, నువ్వు మా మనిషివి అన్నాడు. వస్తాదు కదల్లేదు. తెల్లారింది. కాలవ లస్కరు వచ్చి పుస్తకం తెరిచాడు. రాత్రి ఎవరి వంతు ఎవరికి అందిందో రాసి, కాపలా ఉన్నవాడి చేత వేలిముద్ర వేయించుకోవాలి. వస్తాదు బొటనవేలు సిరాలో ముంచి, తొందరపడకుండా, అచ్చు చెదరకుండా కాగితం మీద నొక్కాడు. అప్పుడు తలుపు ఎత్తాడు. నీళ్లు మా బోదెలోకి దిగుతుంటే, ఒడ్డున కూర్చుని ఆ వేలు కడుక్కున్నాడు.